లక్షమందిని అడిగినా లెక్క ఎందుకు తప్పుతుంది?

సంక్షిప్తంగా: సర్వేల్లో తప్పులు రెండు రకాలు. ఒకటి ఎంపికలో యాదృచ్ఛికంగా అటూఇటూ అయ్యేది. ఎక్కువ మందిని అడిగేకొద్దీ ఇది తగ్గుతుంది. రెండోది ఎవరిని, ఎక్కడ, ఎలా అడిగారన్న దాన్నుంచి పుట్టే మొగ్గు. ఎంతమందిని అడిగినా ఇది తగ్గదు. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఈ మొగ్గు ఎక్కడెక్కడ దూరే వీలుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పథకం అందిందా లేదా అని రికార్డు చేసిన గొంతుతో వచ్చే ఐవీఆర్‌ఎస్ ఫోన్, వాట్సాప్‌లో తిరిగే సర్వే లింకు, ఎన్నికలొస్తే ఎగ్జిట్ పోల్. ఏదో ఒక శాతం రోజూ కంటపడుతూనే ఉంటుంది. ఒకే విషయంపై ఒకరు ఎనభై శాతం మంది సంతృప్తిగా ఉన్నారంటారు, ఇంకొకరు నలభై కూడా లేరంటారు. చదివేవాళ్లు ఇద్దరిలో ఎవరో అబద్ధమాడుతున్నారనుకుంటారు. చాలాసార్లు ఇద్దరూ నిజాయతీగానే అడిగి, సరిగ్గానే కూడి ఉంటారు. తేడా అంతకు ముందే, మనుషుల్ని ఎంచుకున్నప్పుడే వచ్చేసి ఉంటుంది.

క్యూలో అడిగితే ఒకటి, బయట అడిగితే ఇంకొకటి

తిరుమలలో శ్రీవారి దర్శనానికి సగటున ఎంతసేపు పడుతోంది? ప్రశ్న చూడ్డానికి తేలిగ్గానే ఉంది. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్లు, షెడ్లు తిరిగి, చేతికందిన వారిని అడిగి, జవాబుల సగటు తీస్తే చాలనిపిస్తుంది. ఇక్కడే లెక్క పక్కకు జరుగుతుంది.

ఒక ఊహా లెక్క వేసుకుందాం. వచ్చే భక్తుల్లో సరిగ్గా సగం మంది 300 రూపాయల టికెట్‌తో వస్తారని, వాళ్లకు 3 గంటలు పడుతుందని అనుకుందాం. మిగతా సగం సర్వదర్శనం, వాళ్లకు 15 గంటలు. అసలు సగటు 9 గంటలు. అయితే ఏ క్షణంలో లోపలికి వెళ్లి చూసినా క్యూలో సగం సగం కనపడరు. 3 గంటల్లో బయటపడేవాళ్లు లోపల ఉండేదే తక్కువసేపు. 15 గంటలు కూర్చునేవాళ్లు సర్వే బృందం ఎప్పుడు వచ్చినా అక్కడే ఉంటారు. కాబట్టి క్యూలో ఉన్న ప్రతి 18 మందిలో 15 మంది సర్వదర్శనం వాళ్లే అవుతారు. వాళ్లను కలుపుకొని సగటు తీస్తే 13 గంటలు వస్తుంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు, కూడిక తప్పలేదు. అయినా అసలుకంటే 4 గంటలు ఎక్కువొచ్చింది. వెయ్యిమందిని కాక యాభైవేల మందిని అడిగినా అదే 13 వస్తుంది.

దర్శనమయ్యాక లడ్డూ కౌంటర్ల దగ్గర అడిగితే సరిపోతుందిగా అనొచ్చు. ఈ మొగ్గు పోతుంది, వేరేది వస్తుంది. ఎనిమిది మంది కుటుంబం వస్తే, ఎనిమిది మంది లడ్డూలకూ వరుసలో నిలబడేది సాధారణంగా ఒక్కరే. ఒంటరిగా వచ్చినవారు తమ లడ్డూ కోసం తామే నిలబడతారు. అందువల్ల కౌంటర్ దగ్గర ఒంటరివాళ్లకు ఉండాల్సినదానికన్నా ఎక్కువ బరువు పడుతుంది; పిల్లలు, ముసలివాళ్లతో వచ్చిన కుటుంబాల ఇబ్బందులు పలచబడతాయి. ఇక క్యూలో ఓపిక పట్టలేక మధ్యలోనే వెనుదిరిగినవారు ఈ కౌంటర్ దాకా రానే రారు. అందరికంటే ఎక్కువ అసంతృప్తి ఉన్నది బహుశా వాళ్లకే.

తేదీల ఎంపికలోనూ ఇలాంటి చిక్కే ఉంది. ఏడు రోజులకోసారి సర్వే చేద్దామని పెట్టుకుంటే ఏడాదంతా వారంలో ఒకే రోజు పడుతుంది. అది శనివారమైతే ఎప్పుడూ రద్దీ రోజే దొరుకుతుంది. పైగా తమిళుల పెరటాసి నెల శనివారాల్లో తమిళనాడు నుంచి వచ్చే జనం ఎక్కువ కాబట్టి రద్దీయే కాదు, వచ్చేవాళ్ల కూర్పు కూడా మారిపోతుంది. ప్రతి పదో ఇల్లు, ప్రతి ఏడో రోజు అంటూ క్రమవిరామంతో తీసే నమూనా సాధారణంగా మంచిదే. ఆ విరామం, అడిగే విషయంలో ఉన్న ఆవృతి ఒకటైనప్పుడే దెబ్బతింటుంది. ఎనిమిది రోజులకోసారి అని పెట్టుకుంటే ఎనిమిది వారాల్లో ఆది నుంచి శని దాకా అన్ని రోజులూ చుట్టొస్తాయి. చిన్న సవరణే.

సంఖ్య పెంచితే తగ్గేదేమిటి

లాటరీ తీసినట్టు ర్యాండమ్‌గా ఎంచుకున్న వెయ్యిమందిని అడిగితే, వచ్చిన శాతం అసలు శాతానికి అటూఇటూ సుమారు 3 పాయింట్ల లోపు ఉంటుంది, వందలో 95 సార్లు. దాన్ని సగానికి తగ్గించాలంటే నమూనాను నాలుగింతలు చేయాలి. అంటే 4 వేల మంది. ఇందులో జనాభా ఎంతన్నది దాదాపుగా లెక్కలోకే రాదు. చిత్తూరు జిల్లాకైనా దేశం మొత్తానికైనా అదే వెయ్యిమంది నుంచి ఇంచుమించు అంతే కచ్చితత్వం వస్తుంది. కోట్ల జనంలో వెయ్యిమందిని అడిగి ఏం చెబుతారన్న వెటకారానికి అందుకే పస లేదు. ఆ వెయ్యిమంది ఎలా వచ్చారు అన్న ప్రశ్నకు మాత్రం చాలా పస ఉంది.

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ 1936 అమెరికా అధ్యక్ష ఎన్నిక. లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు కోటి మందికి పోస్టులో బ్యాలెట్లు పంపింది. తిరిగొచ్చినవి 23 లక్షలకు పైనే. ఆ సంఖ్యకు ర్యాండమ్ తప్పు 0.1 శాతం కూడా ఉండదు. అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు 43 శాతమే వస్తుందని పత్రిక తేల్చింది. ఆయనకు సుమారు 61 శాతం వచ్చింది. చిరునామాలను టెలిఫోన్ డైరెక్టరీలు, కారు రిజిస్ట్రేషన్ల నుంచి తీసుకోవడం ఒక కారణం. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఫోను, కారు ఉన్నవాళ్లంటే ఎవరో చెప్పనక్కర్లేదు. రెండో కారణం గురించి తక్కువ మాట్లాడతారు కానీ అదీ అంతే పెద్దది. బ్యాలెట్లు అందుకున్నవాళ్లలో నాలుగోవంతు మందే జవాబిచ్చారు, వాళ్లలో రూజ్‌వెల్ట్ మీద కోపం ఉన్నవాళ్లు ఎక్కువ. అదే ఎన్నికలో అంతకంటే ఎన్నోరెట్లు చిన్న నమూనాతో సర్వే నిపుణుడు జార్జ్ గ్యాలప్ గెలుపు ఎవరిదో సరిగ్గా చెప్పాడు.

ఎనభై ఐదేళ్ల తర్వాత కూడా ఇదే జరిగింది. 2021లో అమెరికాలో ఎంతమంది కోవిడ్ టీకా తొలి డోసు వేసుకున్నారో ఫేస్‌బుక్ ద్వారా వారానికి సుమారు రెండున్నర లక్షల మందిని అడిగిన సర్వే ఒకటి ఉంది. మే నెలకొచ్చేసరికి అది అధికారిక లెక్కకన్నా 17 పాయింట్లు ఎక్కువ చూపించింది. వెయ్యిమందితో జాగ్రత్తగా చేసిన మరో సర్వే అసలు లెక్కకు చాలా దగ్గరగా ఉంది. పెద్ద నమూనాకు ఇంకో ప్రమాదం కూడా ఉంది. తప్పు అంకెనే మహా కచ్చితంగా చూపిస్తుంది కాబట్టి దాన్ని ఎవరూ అనుమానించరు.

జాబితాలో పేరు లేనివాళ్లు

ర్యాండమ్‌గా తీయాలంటే ముందు ఒక జాబితా కావాలి. ఆ జాబితాలో లేనివారికి ఎంపికయ్యే అవకాశం సున్నా. ఉమ్మడి చిత్తూరు మామిడి రైతుల సంగతే చూడొచ్చు. 2025 సీజన్‌లో తోతాపురి ధర పడిపోయినప్పుడు కిలోకు 12 రూపాయలు అందేలా, గుజ్జు ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 ఇవ్వాలని నిర్ణయించారు. ఆ డబ్బు నిజంగా ఎంతమందికి అందిందో తెలుసుకోవాలంటే ఎవరిని అడగాలి?

సబ్సిడీ లబ్ధిదారుల జాబితా నుంచి తీస్తే అందులో ఉన్నది అందినవాళ్లే. ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లతో బారులు తీరినవాళ్లను అడిగితే మళ్లీ తిరుమల క్యూ లెక్కే: ఎక్కువసేపు నిలబడినవాళ్లే ఎక్కువగా దొరుకుతారు. కోత కూలి కూడా గిట్టదని కాయను చెట్టుకే వదిలేసిన రైతు గేటు దాకా రాడు. ఎవరి పొలంలో ఏ పంట ఉందో ప్రభుత్వం రాసుకునే ఈ-క్రాప్ నమోదు జాబితా వీటికంటే మెరుగు. అక్కడా పట్టాదారు పేరుండి, తోటను కౌలుకు చేసే మనిషి పేరు లేకపోతే, సర్వే ఫోన్ భూమి యజమానికి వెళుతుంది. ఆయన బెంగళూరులో ఉండి ‘ఆ, బాగానే వచ్చింది’ అని పెట్టేయొచ్చు.

ఇళ్ల సర్వేల్లోనూ ఈ సరిహద్దులు ఉంటాయి. జాతీయ నమూనా సర్వే దృష్టిలో ఒకచోట ఉంటూ ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్లంతా ఒక కుటుంబం. హాస్టల్లో ఉండే విద్యార్థి ఒక్కడే ఒక కుటుంబం కింద లెక్క. యూనివర్సిటీలు, కోచింగ్ సెంటర్లు, పీజీ హాస్టళ్లతో నిండిన తిరుపతిలో ఇది చిన్న విషయం కాదు. హాస్టళ్లున్న వీధి నమూనాలోకి వచ్చిందా లేదా అన్నదాన్ని బట్టి నగరంలో సగటు కుటుంబం సైజు, తలసరి ఖర్చు కూడా కదులుతాయి. సత్రాల్లో దిగిన యాత్రికులు ఏ కుటుంబ సర్వేలోనూ ఉండరు. వేటకో కూలికో ఊళ్లు మారే యానాది కుటుంబాలు నిబంధన ప్రకారం లెక్కలో ఉండాల్సినవే అయినా, ఇళ్ల జాబితా రాసే రోజున గుడిసె దగ్గర లేకపోతే జారిపోతాయి.

చీటీలు తీయడంలో రకాలు

జిల్లా మొత్తం నుంచి పేర్లు కలిపి లాటరీ తీయడం పుస్తకాల్లో సులభం, రోడ్డు మీద కష్టం. వెయ్యి పేర్లు వెయ్యి ఊళ్లలో పడితే పెట్రోలు ఖర్చే సర్వేను మింగేస్తుంది. అందుకే పెద్ద సర్వేలన్నీ అంచెలుగా జరుగుతాయి. ముందు ఊళ్లు లేదా పట్టణ బ్లాకులు, ఆ తర్వాత వాటిలో ఇళ్లు. కుటుంబ వినియోగ ఖర్చుపై 2022-23లో జరిగిన జాతీయ సర్వే దేశమంతటా 2,61,746 ఇళ్లకు వెళ్లింది ఈ పద్ధతిలోనే.

అంచెల పద్ధతికి ఒక ధర ఉంది. ఒకే ఊరివాళ్ల జవాబులు ఒకదానికొకటి పోలి ఉంటాయి. బోరు ఎండితే ఊరంతా ఎండుతుంది, పాల డెయిరీ ధర తగ్గిస్తే ఊరంతటికీ తగ్గుతుంది. 50 ఊళ్లలో ఊరికి 20 మంది చొప్పున వెయ్యిమందిని అడిగారనుకుందాం. ఊరివాళ్ల మధ్య ఆ పోలిక (సున్నా అంటే అసలు లేదు, ఒకటి అంటే అందరిదీ ఒకే జవాబు) చాలా స్వల్పంగా, 0.05 ఉన్నా, అదే కచ్చితత్వానికి కావాల్సిన నమూనా దాదాపు రెట్టింపవుతుంది (1 + 19 × 0.05 = 1.95). వెయ్యి జవాబులున్నా నికరంగా సుమారు 510 మందిని అడిగినంత విలువే. ‘వెయ్యి శాంపిల్స్, ప్లస్ ఆర్ మైనస్ 3’ అని టీవీలో వేసే చాలా సర్వేలు ఈ తగ్గింపును చెప్పవు.

దీనికి కొంత విరుగుడు వర్గాలుగా విడదీయడం. కుప్పం, పలమనేరు వైపు టమోటా, పాడి ప్రాంతం, నగరి వైపు మరమగ్గాలు, సత్యవేడులో శ్రీసిటీ పరిశ్రమలు, తిరుపతి నగరం. వీటిని ముందే వేరుచేసి ఒక్కోదాంట్లో విడిగా నమూనా తీస్తే ఏ ప్రాంతమూ పూర్తిగా తప్పిపోదు, కచ్చితత్వమూ పెరుగుతుంది. 2022-23 సర్వేలో పట్టణాల ఇళ్లను సొంత కారు ఉందా లేదా అన్న ఆధారంతో విడదీశారు. ధనిక కుటుంబాలు నమూనాలో తక్కువగా పడుతున్నాయన్న పాత ఫిర్యాదు నేపథ్యంలో చూస్తే దీని అర్థం తెలుస్తుంది.

కోటా పద్ధతి పైకి ఇలాగే కనిపిస్తుంది కానీ వేరు. ఇన్ని శాతం ఆడవాళ్లు, ఇంతమంది యువకులు అని కోటా ఇచ్చి, మనుషుల్ని ఎంచుకోవడం మాత్రం సర్వేయర్‌కే వదిలేస్తారు. సర్వేయర్ కూడా మనిషే కదా, బస్టాండు, టీ కొట్టు, రోడ్డు పక్క ఇళ్లతో కోటా నింపేస్తాడు. 1948 అధ్యక్ష ఎన్నికలో ట్రూమన్ ఓడిపోతాడని అమెరికాలోని పెద్ద సర్వే సంస్థలన్నీ చెప్పి బోల్తా పడినప్పుడు ఈ పద్ధతి మీదే వేలు పడింది. పోలింగ్‌కు చాలా ముందే అడగడం ఆపేయడం కూడా ఒక కారణం.

తాళం వేసిన ఇల్లు

ఎంపిక సక్రమంగా జరిగినా, ఎంపికైన మనిషి దొరకాలి. కుప్పం నుంచి పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పనికి వెళ్లి రాత్రికి తిరిగొచ్చేవాళ్లు ఎందరో ఉన్నారు. ఉదయం పదకొండింటికి తలుపు తట్టే సర్వేయర్‌కు ఇంట్లో కనిపించేది పెద్దవాళ్లు, లేదంటే తాళం. తాళం ఉంటే పక్కింటికి వెళ్లడం మామూలు. కాగితం మీద సంఖ్య నిండుతుంది. తాళం ఉన్న ఇంటికీ మనుషులున్న ఇంటికీ ఆదాయంలోనే తేడా ఉందన్న విషయం ఆ సంఖ్యలో కనపడదు. సాయంత్రం ఆరు తర్వాత, లేదా ఆదివారం ఇంకోసారి వెళ్లడం తప్ప దీనికి మందు లేదు, దానికి డబ్బు ఖర్చవుతుంది. మొత్తం సర్వే నాణ్యతను చాలావరకు నిర్ణయించేది ఈ ఒక్క బడ్జెట్ పద్దు అంటే అతిశయోక్తి కాదు. నగరంలో సమస్య తిరగబడుతుంది: అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేస్తాడు.

ఐవీఆర్‌ఎస్ కాల్స్‌లో ఇది ఇంకా ముదురుతుంది. రికార్డు చేసిన గొంతు వినగానే చాలామంది కట్ చేస్తారు. చివరిదాకా విని ఒకటో రెండో నొక్కేది బాగా మెచ్చినవాళ్లు, బాగా మండిపోయినవాళ్లు. మధ్యస్థంగా ఉన్నవాళ్లకు అంత ఓపిక ఎక్కడిది? ఇంట్లో ఫోను మగవాళ్ల చేతిలో ఉంటే ఆడవాళ్లకు సంబంధించిన పథకంపైనా మగ గొంతే నమోదవుతుంది. ఎంతమందికి కాల్ వెళ్లింది, ఎంతమంది పూర్తిగా జవాబిచ్చారు అన్న రెండు అంకెలు లేకుండా ఐవీఆర్‌ఎస్ శాతాన్ని ప్రచురిస్తే దాంతో చేయగలిగేది ఏమీ లేదు.

తక్కువ పడిన వర్గానికి లెక్కలో ఎక్కువ బరువివ్వడం, అంటే వెయిటింగ్, కొంత ఆదుకుంటుంది. యువకులు పదిమంది రావాల్సిన చోట ఐదుగురే వస్తే ఒక్కొక్కరినీ ఇద్దరిగా లెక్కిస్తారు. దొరికిన ఐదుగురూ దొరకని ఐదుగురిలాంటివాళ్లే అయితే ఇది పనిచేస్తుంది. పగటిపూట కుప్పంలో దొరికిన కుర్రాడు, ఆ వేళకు బెంగళూరులో పనిలో ఉన్న కుర్రాడు ఒకలాంటివాళ్లు కారు.

తలుపు తీశాక

మనిషి దొరికాక కూడా జవాబు నేరుగా రాదు. కరెంటు నెలకు 300 యూనిట్లు దాటకూడదు, నాలుగు చక్రాల బండి ఉండకూడదు లాంటి పథకాల షరతులు ఏళ్లుగా వినీ వినీ జనానికి కంఠతా వచ్చేశాయి. ‘మీ ఇంటి ఆదాయం ఎంత?’ అని ఎవరడిగినా ముందు గుర్తొచ్చేది రేషన్ కార్డు. అడిగే మనిషి పింఛను, ఇంటి స్థలం దరఖాస్తులు చూసే సచివాలయ ఉద్యోగే అయితే ఆదాయం ఇంకాస్త తగ్గుతుంది, సేవలపై సంతృప్తి ఇంకాస్త పెరుగుతుంది. దీన్ని అబద్ధమనడం సులువు. ఇంటావిడ వైపు నుంచి చూస్తే అది జాగ్రత్త. అందుకే అనుభవమున్న సర్వేలు ఆదాయం నేరుగా అడగవు. బియ్యం ఎన్ని కిలోలు, నూనె ఎంత, ఫీజులెంత అని ఖర్చుల దారిలో వస్తాయి.

ప్రశ్న వేసే తీరు కూడా అంకెను మారుస్తుంది. పలమనేరు పక్క పల్లెలో రెండు ఆవులున్న ఇల్లాలిని ‘మీరేమైనా పని చేస్తారా?’ అంటే ‘లేదు, ఇంట్లోనే ఉంటా’ అంటుంది. ‘ఆవులకు గడ్డి కోసేదెవరు, పాలు పితికేదెవరు, కేంద్రానికి పోసేదెవరు?’ అంటే మూడింటికీ ‘నేనే’. కార్మిక సర్వే నిర్వచనం ప్రకారం ఆమె పనిలో ఉన్న మనిషే. రెండో ప్రశ్నల వరుస అడిగేంత ఓపిక సర్వేయర్‌కు లేకపోతే ఆమె నిరుద్యోగిగా కూడా లెక్కకు రాదు, శ్రామికుల్లోంచే తప్పిపోతుంది. మహిళల పని శాతం ఒక సర్వే నుంచి ఇంకో సర్వేకు మారినప్పుడు, అందులో ఎంత నిజంగా మారింది, ఎంత అడిగిన తీరు వల్ల మారింది అన్నది విడదీయడం నిపుణులకే తలనొప్పి.

జ్ఞాపకం సంగతి వేరే. ఎన్ని రోజుల ఖర్చు అడిగారన్నదే పేదరికం లెక్కను కదిలించగలదు. 1999-2000 జాతీయ నమూనా సర్వేలో ఆహార ఖర్చును అదే ఇంట్లో గత 7 రోజులకు, గత 30 రోజులకు కూడా అడిగారు. ఒక జవాబు ప్రభావం రెండోదానిపై పడి, ఆ ఏడాది పేదరికం అంకెను పాత అంకెలతో పోల్చవచ్చా లేదా అన్న వివాదం ఏళ్లపాటు నడిచింది.

భాష కూడా ఒక జల్లెడే. నగరి, సత్యవేడు వైపు తమిళం, కుప్పం వైపు తమిళం, కన్నడం ఇంటి భాషలుగా ఉన్న కుటుంబాలు చాలా. తెలుగులో అచ్చేసిన ప్రశ్నను సర్వేయర్ గుమ్మం దగ్గరే నోటితో మార్చి అడుగుతాడు. ఒక్కో సర్వేయర్ ఒక్కోలా మారుస్తాడు. ఇరవైమంది సర్వేయర్లుంటే నిజానికి ఇరవై ప్రశ్నలు.

ఎన్నికల సర్వేలకు అదనపు మెలిక

పై చిక్కులన్నీ ఎగ్జిట్ పోల్స్‌కూ ఉన్నాయి, దానిపైన ఓట్లను సీట్లుగా మార్చే మెలిక. 2024 ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఎన్నికల్లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు సుమారు 39 శాతం ఓట్లొచ్చాయి, సీట్లు 175లో 11. ఓట్ల శాతాన్ని రెండు మూడు పాయింట్ల తేడాతో పట్టుకున్న సర్వే కూడా సీట్లలో పదులకొద్దీ తప్పొచ్చు. అదే ఏడాది లోక్‌సభకు ఎన్డీఏకు 350 దాటుతాయని చాలా సంస్థలు చెప్పగా వచ్చినవి 293. సీట్ల అంకె ఒక్కటే వేసి, ఓట్ల శాతం, ఎంపిక పద్ధతి చెప్పని ఎగ్జిట్ పోల్‌ను పరీక్షించే దారి కూడా లేదు.

తనిఖీ ఎలా, ముందేం జరగొచ్చు

1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించి, 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వేకు రూపమిచ్చిన పి.సి.మహలనోబిస్ దీనికో ఉపాయం వాడాడు. ఒకే ప్రాంతంలో విడివిడిగా రెండు నమూనాలు తీసి, రెండు వేర్వేరు బృందాలకు అప్పగించడం. రెండింటి ఫలితాలు బాగా తేడా వస్తే ఎక్కడో పని చెడిందని తెలుస్తుంది. బెంగాల్ జనపనార పంట సర్వేల రోజుల నుంచీ ఆయన ఈ దారిలో ఉన్నాడు. దీనికీ హద్దుంది. రెండు బృందాలూ పదకొండు గంటలకే వెళ్లి, తాళమున్న ఇళ్లను రెండూ వదిలేస్తే ఫలితాలు చక్కగా కలుస్తాయి, రెండూ తప్పే.

పల్లెల్లో సర్వేలకు ఇప్పటికీ మూల జాబితా 2011 జనగణనే. 2021లో జరగాల్సిన గణన వాయిదా పడింది. 2027 ఫిబ్రవరిలో జనాభా లెక్కింపు జరిపేలా కేంద్రం 2025 జూన్‌లో నోటిఫికేషన్ ఇచ్చింది. ఈలోగా తిరుపతి చుట్టూ తిరుచానూరు, అవిలాల, పేరూరు వైపు కాలనీలు పెరిగాయి, 2022 ఏప్రిల్‌లో జిల్లాలే మారాయి. ఉమ్మడి చిత్తూరు నుంచి, నెల్లూరు నుంచి కొన్ని ప్రాంతాలు కలిసి తిరుపతి జిల్లా అయింది. పాత జాబితాలో పల్లెగా ఉన్న చోట ఇప్పుడు అపార్ట్‌మెంట్లున్నాయి. కొత్త జాబితాలు వాడుకలోకి వచ్చాక తిరుపతి, చిత్తూరు అంకెలు కొన్నిచోట్ల ఒక్కసారిగా ఎగిరినట్టో పడినట్టో కనిపించే అవకాశం ఉంది. అప్పుడు ఏ ప్రభుత్వ ఘనతో వైఫల్యమో అని వాదన మొదలయ్యే ముందు చూడాల్సినవి మూడు: రెండు అంకెలూ ఒకే జిల్లా సరిహద్దుకు సంబంధించినవేనా, ఒకే జాబితా నుంచి తీసినవేనా, ఒకే ప్రశ్నతో అడిగినవేనా.